రోజు విడిచి రోజు లేని లెక్కలు: పేదరికం బస్తీ పిల్లల చదువును ఏ దారుల్లో తాకుతుంది

సికింద్రాబాద్ దగ్గరి ఒక బస్తీలో రెండేళ్లపాటు సాయంత్రం పూట పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పాను. వాళ్లలో ఒక అమ్మాయి నోటుబుక్కు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. గుండ్రటి అక్షరాలు, ప్రతి పేజీకీ ఎర్ర పెన్నుతో గీసిన మార్జిన్, పైన కుడివైపు తేదీ. బహుపదులు, వర్గ సమీకరణాలు సగం అర్థమై సగం అర్థం కానట్టు చేసేది. సూత్రం గుర్తుండేది, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేది కాదు. మొదట బద్ధకం అనుకున్నాను, తర్వాత జ్ఞాపకశక్తి తక్కువేమో అనుకున్నాను. ఒక సాయంత్రం పేజీల పైనున్న తేదీలను వరుసగా చూస్తే సంగతి తెలిసింది. 4, 6, 8 తేదీల పాఠాలు ఉన్నాయి, 5, 7, 9 తేదీలవి లేవు. వాళ్ల గల్లీకి నల్లా నీళ్లు రోజు విడిచి రోజు, పొద్దున 8 గంటల ప్రాంతంలో వస్తాయి. తల్లి అప్పటికే అపార్ట్‌మెంట్లలో పనికి వెళ్లిపోతుంది. ఈ అమ్మాయి డ్రమ్ము, బిందెలు నింపి, తమ్ముణ్ణి తయారు చేసి, బడికి చేరేసరికి మొదటి పీరియడ్ అయిపోయేది. ఆ బడిలో మొదటి పీరియడ్ లెక్కలు.

పేదింటి పిల్లలకు మార్కులు తక్కువ వస్తాయన్న మాట ఎవరికీ కొత్త కాదు. ఎందుకు తక్కువ వస్తాయని అడిగితే మాత్రం ఇంట్లో పట్టించుకునేవాళ్లు లేరని ఉపాధ్యాయులు అంటారు, బడిలో సరిగ్గా చెప్పరని తల్లిదండ్రులు అంటారు, వీళ్లకు చదువు మీద ధ్యాసే లేదని చుట్టుపక్కలవాళ్లు అంటారు. ప్రతి జవాబులోనూ కొంత నిజం ఉంది, ఏ జవాబూ ఆ నోటుబుక్కులోని ఖాళీలను వివరించదు. చేతిలో డబ్బు లేకపోవడానికీ, పరీక్షలో వర్గ సమీకరణం తప్పడానికీ మధ్య చాలా మెట్లు ఉన్నాయి. పేదరికం వాటన్నిటి మీదా ఒకేలా పనిచేయదు కాబట్టి ఆ మెట్లను విడివిడిగా చూడాలి.

అంతకంటే ముందు తేల్చుకోవలసిన చిక్కు ఒకటుంది. పేద కుటుంబాల్లో తల్లిదండ్రుల చదువు కూడా తక్కువగానే ఉంటుంది, ఇంట్లో పుస్తకాలు ఉండవు, దగ్గరలో మంచి బడి ఉండదు. ఇవన్నీ కలిసే వస్తాయి గనుక, మార్కులు తగ్గడానికి డబ్బు లేమి కారణమా, లేక దానితో పాటు ఉన్న మిగతా లోట్లు కారణమా అన్నది మామూలు లెక్కలతో తేలదు. కుటుంబం, తల్లిదండ్రులు, ఊరు అవే ఉండి డబ్బు ఒక్కటే మారిన సందర్భం దొరికితే తేలుతుంది. అలాంటిది అమెరికాలోని నార్త్ కరోలినాలో దొరికింది. అక్కడి చెరోకీ తెగవారు 1990ల చివర కాసినో తెరిచి, లాభాల్లో కొంత భాగాన్ని తెగలోని పెద్దవాళ్లందరికీ సమానంగా పంచడం మొదలుపెట్టారు. ఎవరూ కొత్తగా చదువుకోలేదు, ఎవరూ ఉద్యోగం మారనక్కర లేదు, ఇంటికి డబ్బు మాత్రం వచ్చింది. అంతకుముందు నుంచే ఆ ప్రాంతపు పిల్లలను పరిశీలిస్తూ వస్తున్న పరిశోధకులు తర్వాత లెక్క చూస్తే, పేద కుటుంబాల్లో ఏటా సుమారు 4 వేల డాలర్లు అదనంగా అందిన ఇళ్ల పిల్లలు 21 ఏళ్లు వచ్చేసరికి దాదాపు ఒక ఏడాది ఎక్కువ చదువుకున్నారు. తల్లిదండ్రుల చదువుకు, బడి నాణ్యతకు తమ వంతు ప్రభావం ఉన్నా, డబ్బు తనంత తానుగానే పనిచేస్తుందని దీనివల్ల నమ్మకంగా చెప్పవచ్చు.

డబ్బు లేమి పని చేసే దారుల్లో మన దగ్గర అన్నిటికంటే తక్కువగా చర్చకు వచ్చేది, నా దృష్టిలో అన్నిటికంటే బరువైనది, పిల్లల వేళ. డబ్బున్న ఇల్లు నీళ్లకు మోటారు పెట్టుకుంటుంది, అంట్లకు మనిషిని పెట్టుకుంటుంది, చిన్నపిల్లలను ప్లేస్కూల్‌లో వేస్తుంది. డబ్బు లేని ఇంట్లో ఈ పనులన్నీ ఎవరో ఒకరు తమ గంటలతో తీర్చాలి. తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్లే ఇంట్లో ఆ గంటలు ఇచ్చేది పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలే. ఆడపిల్లల మీద ఇంటిపని, తమ్ముళ్లు చెల్లెళ్ల బాధ్యత పడతాయి. పాతబస్తీలో గాజులకు రాళ్లు అతికే పని, మగ్గం పని, జర్దోసీ ఇళ్లలోనే సాగుతాయి కాబట్టి అవీ వాళ్ల సాయంత్రాల్లో కలిసిపోతాయి. మగపిల్లలు పెళ్లిళ్ల సీజన్‌లో ఫంక్షన్ హాళ్లకు క్యాటరింగ్ పనికి వెళతారు. రాత్రి వడ్డన ముగిసి, గిన్నెలు సర్ది, ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటుతుంది. మరుసటి రోజు పొద్దున తరగతిలో నిద్రపోయే అబ్బాయిని చూసి ఉపాధ్యాయుడికి కోపం రావడం సహజమే, రాత్రి ఆ అబ్బాయి ఎక్కడున్నాడో ఆయనకు తెలిసే వీలు లేదు.

లెక్కల్లో ఈ నష్టం త్వరగా బయటపడుతుంది, ఎందుకంటే లెక్కలు మెట్ల మీద మెట్టుగా కట్టినవి. సాంఘికశాస్త్రంలో ఒక పాఠం పోతే ఆ పాఠం వరకే పోతుంది. కారణాంకాల విభజన పోతే దానితో వర్గ సమీకరణాలు పోతాయి. సరూప త్రిభుజాలు సరిగ్గా పట్టుబడకపోతే త్రికోణమితి మొదటి రోజు నుంచే పరాయి భాషలా వినిపిస్తుంది. వారంలో సగం తరగతులు తప్పినవాళ్లకు సగం లెక్కలు వస్తాయనుకోవడం పొరపాటు, చాలాసార్లు సగానికి సగం కూడా రావు. పైగా తాను వెనుకబడింది రాని రోజుల వల్లనని పిల్లలకు తట్టదు. పక్కన కూర్చున్నవాళ్లకు వస్తోంది, తనకు రావడం లేదు కాబట్టి తన బుర్రలోనే లోపముందని అనుకుంటారు. నేను చదువు చెప్పిన పిల్లల్లో సగం మంది "నాకు లెక్కలు రావు సార్" అని మొదటి రోజే పరిచయం చేసుకున్నవాళ్లు.

ఈ బరువు ప్రత్యేకంగా కౌమారంలోనే ఎందుకు పెరుగుతుందన్నది మన చట్టాల్లోకి చూస్తే కొంత అర్థమవుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేసింది. బాలకార్మిక చట్టానికి 2016లో జరిగిన సవరణ 14 ఏళ్లలోపు పిల్లల చేత పని చేయించడాన్ని, కుటుంబ వృత్తిలో బడివేళ తర్వాత చేసే సాయం వంటి కొన్ని మినహాయింపులతో, పూర్తిగా నిషేధించింది. 14 నుంచి 18 ఏళ్లవారి విషయంలో నిషేధం ప్రమాదకరమైన పనులకే పరిమితం. అంటే రెండు చట్టాల రక్షణా ఒకే పుట్టినరోజున సన్నగిలుతుంది. అదే ఏడు తొమ్మిదో తరగతి మొదలవుతుంది, సిలబస్ ఒక్కసారిగా బరువెక్కుతుంది. అదే ఏడు పిల్లవాడి ఒళ్లు గట్టిపడి, సెంట్రింగ్ మేస్త్రీ వెంట వెళితే రోజుకు కొంత సంపాదించగలిగే వయసుకు వస్తాడు. మూడూ ఒకచోట కలిసే ఆ మలుపులో ఎంతమంది చదువు జారిపోతుందో ఏ హైస్కూల్ హాజరు పట్టీ చూసినా తెలుస్తుంది.

హాజరు పట్టీ అన్నాను గానీ, అది చెప్పేది కూడా సగమే. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి బాలకార్మికులను బడికి తెచ్చే పని మొదలుపెట్టిన ఎం.వి. ఫౌండేషన్, బడిలో లేని ప్రతి పిల్లవాడినీ, పిల్లనూ బాలకార్మికులుగానే లెక్కించాలని పట్టుబట్టింది. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ సూత్రం ఎన్నో కుటుంబాల ఆలోచనను మార్చింది. అయితే ఇవాళ హైదరాబాద్ బస్తీల్లో నేను చూస్తున్న పిల్లలు బడిలో పేరున్నవాళ్లే, వారానికి మూడు రోజులు వచ్చేవాళ్లే, ఆ వచ్చిన రోజు కూడా సగం నిద్రలో ఉన్నవాళ్లే. 2023లో 28 జిల్లాల పల్లెల్లో 14 నుంచి 18 ఏళ్లవారి మీద జరిగిన, పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేలో 86 శాతానికి పైగా ఏదో ఒక చదువులో చేరి ఉన్నారు, కానీ దాదాపు నాలుగో వంతు మంది తమ భాషలో రెండో తరగతి పాఠాన్ని ధారాళంగా చదవలేకపోయారు. అది గ్రామీణ సర్వే కాబట్టి నగరానికి అలాగే అతికించకూడదు. చేరడం వేరు, నేర్చుకోవడం వేరు అన్న సంగతి మాత్రం నగరంలోనూ అంతే నిజం.

వేళ తర్వాత ఒళ్లు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి, మగపిల్లల్లో 31 శాతం మందికి రక్తహీనత ఉంది. ఎదుగుదల ఉధృతంగా ఉండే ఈ వయసులో శరీరానికి ఇనుము ఎక్కువ కావాలి, ఆడపిల్లలకు నెలసరి వల్ల ఇంకా ఎక్కువ కావాలి. బస్తీ ఇళ్లలో పొద్దున కడుపులో పడేది తరచుగా ఛాయ్, అందులో ముంచుకున్న బన్ను. ఛాయ్‌లోని టానిన్లు తిండిలో ఉన్న కొద్దిపాటి ఇనుమును కూడా ఒంటికి పూర్తిగా పట్టనివ్వవు. రక్తం తక్కువైతే మెదడుకు అందే ప్రాణవాయువు తగ్గి, అలసట, మగత, ఏకాగ్రత లేకపోవడం మొదలవుతాయి. బయటికి ఇవి బద్ధకంలాగే కనిపిస్తాయి. బడుల్లో వారానికొకసారి నీలం రంగు ఐరన్ మాత్ర ఇచ్చే కార్యక్రమం ఉంది. అయితే ఖాళీ కడుపున వేసుకుంటే ఆ మాత్ర వికారం పుట్టిస్తుంది కాబట్టి చాలామంది దాన్ని జేబులో వేసుకుని బయట పారేస్తారు. మాత్రకు ముందు అన్నం పడాలి.

అన్నం విషయంలో మనకు గట్టి సాక్ష్యమే ఉంది. మధ్యాహ్న భోజనాన్ని వండి పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 2003 జనవరి నుంచి అమలైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2002లో, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన యంగ్ లైవ్స్ పరిశోధన ఈ రాష్ట్రంలో దాదాపు 3 వేల మంది పిల్లలను ఎంచుకుని ఏళ్ల తరబడి వెంట నడిచింది, అందులో హైదరాబాద్ పిల్లలూ ఉన్నారు. కరువు వల్ల చిన్నప్పుడే బక్కచిక్కిన పిల్లలు బడిలో భోజనం తినడం మొదలుపెట్టాక ఆ లోటును చెప్పుకోదగినంత పూడ్చుకున్నారని ఆ వివరాల ఆధారంగా తేలింది. కేంద్ర పథకం ఎనిమిదో తరగతితో ఆగిపోతే, తెలంగాణలో 9, 10 తరగతులకు కూడా రాష్ట్రం తన ఖర్చుతో భోజనం పెడుతోంది. ఈ వ్యాసం మాట్లాడుతున్న వయసుకు అదే ముఖ్యం. 2023 అక్టోబరులో ముఖ్యమంత్రి అల్పాహార పథకం కూడా ప్రారంభమైంది. దాన్ని ప్రతి హైస్కూల్లో, ప్రతి రోజూ, మొదటి పీరియడ్‌కు ముందే పెట్టగలిగితే ఒక్క ట్యూషన్ చేయలేని పని అది చేస్తుందని నా నమ్మకం, ఎందుకంటే ఖాళీ కడుపున కూర్చునే పిల్లలు పోగొట్టుకునేది కూడా ఆ మొదటి రెండు పీరియడ్లనే.

కంటి చూపు గురించి ఒక్క మాట. బోర్డు కనిపించని పిల్లలు ఆ సంగతి తమంతట తాము చెప్పరు, ఎందుకంటే అందరికీ అలాగే మసకగా కనిపిస్తుందని అనుకుంటారు. పశ్చిమ చైనా పల్లెల్లో చూపు తక్కువైన విద్యార్థులకు ఉచితంగా కళ్లజోళ్లు ఇస్తే ఏడాదిలోనే మార్కులు పెరిగాయి. ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఉన్న ఈ నగరంలో, 2018లో ఉచిత కంటి పరీక్షల పథకం కంటి వెలుగు నడిచిన ఈ రాష్ట్రంలో, ఏ పదో తరగతి పిల్లా కళ్లజోడు లేక వెనక బెంచీలో మిగిలిపోనక్కర లేదు.

మనసు సంగతి ఇంతకంటే సూక్ష్మమైనది. ఒక లెక్క చేసేటప్పుడు మొదటి మెట్టులో వచ్చిన విలువను తలలో పట్టుకుని, రెండో మెట్టు చేసి, తిరిగి మొదటిదానితో కలపాలి. ఇలా కొద్దిసేపు పట్టి ఉంచే శక్తిని పని జ్ఞాపకం అనవచ్చు, దాని చోటు చాలా ఇరుకు. అమెరికాలో 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, బాల్యంలో ఎక్కువ ఏళ్లు పేదరికంలో గడిపినవారికి 17 ఏళ్ల వయసులో ఈ పని జ్ఞాపకం తక్కువగా కనిపించింది. మధ్యలో ఉన్న కారణం, ఏళ్ల తరబడి ఒంటి మీద పడిన ఒత్తిడి. రక్తపోటులో, కార్టిసాల్ వంటి హార్మోన్లలో దాని గుర్తులు కొలవదగినంతగా ఉన్నాయి. 2013లో వచ్చిన మరో పరిశోధన తమిళనాడు చెరకు రైతుల మీద జరిగింది. అదే రైతు, చేతిలో డబ్బు లేని కోతకు ముందు రోజుల్లో ఆలోచనా పరీక్షల్లో వెనుకబడ్డాడు, కోత తర్వాత మెరుగయ్యాడు. మనిషి మారలేదు, చింత తగ్గింది. రైతులు పెద్దవాళ్లే అయినా, ఒంటిగది ఇంట్లో పెద్దల చింత పిల్లలకు వినపడకుండా ఉండదు. నెల మొదటి వారంలో ఇంటి ఓనరు కిరాయికి తలుపు తట్టినప్పుడు, గోడకు ఆనుకుని పుస్తకం పట్టుకున్న అమ్మాయి ఆ సంభాషణ అంతా వింటుంది. ఆ రాత్రి ఆమె చదివిన పేజీలో ఏముందో ఆమెకు గుర్తుండదు.

కిరాయి పెరిగితే ఇల్లు మారాలి, ఇల్లు మారితే తరచుగా బడి మారాలి. ప్రభుత్వం సొంత ఇల్లు ఇచ్చినా ఈ చిక్కు పూర్తిగా పోదు. నగరం అంచున కొల్లూరులో 2023లో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభమయ్యాయి. గట్టి పైకప్పు, సొంత మరుగుదొడ్డి పిల్లల చదువుకు ఎంతో మేలు చేస్తాయి. కానీ తండ్రి పనీ, తల్లి పనిచేసే ఇళ్లూ, పిల్లల బడీ మునుపు ఉన్న బస్తీ పక్కనే ఉండిపోతే, ఆ మేలులో కొంత రోజూ బస్సులోనే ఖర్చయిపోతుంది. పదో తరగతి నడిచే ఏడాది మధ్యలో ఇల్లు మార్చవలసి వస్తే టీసీ, బోనాఫైడ్ కాగితాల చుట్టూ తిరగడంలోనే నెల గడుస్తుంది.

ఇక బడిలో జరిగే అవమానం. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు చిక్కుదారుల పజిళ్లు ఇచ్చి చేసిన ఒక ప్రయోగం 2006లో ప్రచురితమైంది. కులం ప్రస్తావన లేనప్పుడు దళిత బాలురు మిగతావారితో సమానంగా చేశారు. అందరి ముందూ పేరుతో పాటు కులం చదివాక వారి ఫలితం గణనీయంగా పడిపోయింది. దీన్ని చదివినప్పుడు నాకు మన తరగతి గదులే గుర్తొచ్చాయి. స్కాలర్‌షిప్ ఫారాల కోసం "ఎస్సీలు లేవండి, బీసీలు లేవండి" అని పిలవడం, ఫీజు కట్టనివాళ్ల పేర్లు ప్రార్థన వేళ చదవడం చాలాచోట్ల అలవాటుగా సాగిపోయే పనులు. మా దగ్గరికి వచ్చే ఒక అబ్బాయిని ఒక ప్రైవేటు బడిలో రెండు నెలల ఫీజు బాకీకి పరీక్ష మధ్యలో లేపి బయట నిలబెట్టారు. వాళ్ల నాన్న మరుసటి రోజే అప్పు చేసి కట్టాడు. అబ్బాయి మాత్రం వారం రోజులు బడికి వెళ్లలేదు.

ఆ తండ్రి అంత కష్టపడి ప్రైవేటు బడికి ఎందుకు పంపుతున్నాడో నాకు తెలుసు. ఇంగ్లిష్ వస్తుందన్న ఆశ. ఆ ఆశను చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. అయినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో లాటరీ ద్వారా ప్రైవేటు బడి సీటు పొందిన ప్రాథమిక పాఠశాల పిల్లలను నాలుగేళ్లు గమనించినప్పుడు, తెలుగులో, లెక్కల్లో వారికీ సీటు రానివారికీ తేడా కనిపించలేదు, హిందీలో మాత్రం ముందున్నారు. 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లోనే ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఫీజు భారం ఆ మేరకు తగ్గవచ్చు, కానీ ఎనిమిదో తరగతి దాకా తెలుగులోనో ఉర్దూలోనో ఆలోచించిన పిల్లలకు ఒక్కసారిగా మారిన భాష మరో మెట్టు అవుతుంది, ఇంట్లో ఆ మెట్టు ఎక్కించేవాళ్లు ఉండరు.

ఇన్ని దారుల్లో వచ్చే నష్టాన్ని ఒకేసారి ఆపగలిగింది గురుకులమే. 1971లో పి.వి. నరసింహారావు చొరవతో నల్గొండ జిల్లా సర్వేలులో మొదటిది తెరిచారు. తిండి, నిద్ర, దీపం, ఖాళీ వేళ, పక్కన ఉపాధ్యాయుడు, అన్నీ ఒకచోట దొరకడంలోనే దాని బలం ఉంది. అయితే అందరికీ సీట్లు లేవు, అందరూ ఇల్లు విడిచి ఉండలేరు. మిగిలినవాళ్లకు బడి గదులనే సాయంత్రం ఎనిమిది దాకా తెరిచి, ఇంత తినడానికి పెట్టి, కూర్చోబెడితే చాలా వరకు అదే పని జరుగుతుంది. ఎనిమిదో తరగతిలో రాసే జాతీయ ప్రతిభా ఉపకార వేతన పరీక్షలో గెలిస్తే 9వ తరగతి నుంచి నాలుగేళ్లు ఏటా 12 వేల రూపాయలు వస్తాయి. క్యాటరింగ్‌కు వెళ్లే అబ్బాయికి ఆ డబ్బు ఎన్ని రాత్రుల నిద్రో లెక్క కట్టవచ్చు. ఆ పరీక్ష సంగతి గానీ, దానికి కావలసిన ఆదాయ ధ్రువపత్రం మీసేవలో ఎప్పుడు పెట్టుకోవాలో గానీ చాలా ఇళ్లకు తెలియదు.

నోటుబుక్కు అమ్మాయి విషయంలో నేను చేసిందల్లా ఆ తేదీల పట్టికను లెక్కల టీచరు దగ్గరికి తీసుకెళ్లడమే. ఆవిడ చాలాసేపు దాన్ని చూశారు. తరగతిలో ఇంకెవరు ఆలస్యంగా వస్తారో అడిగితే అదే గల్లీ నుంచి మరో ఐదుగురు తేలారు. మరుసటి వారం నుంచి లెక్కలు మూడో పీరియడ్‌కు మారాయి. ప్రీ-ఫైనల్‌లో ఆ అమ్మాయికి 41 వచ్చాయి, అంతకుముందు ఎప్పుడూ 35 దాటలేదు.

ఆ ఆరుగురిలో ఇద్దరు మార్చి పరీక్షల్లో తప్పారు. ఫలితాలు వచ్చాక సప్లిమెంటరీకి ఫీజు కట్టే గడువు కొద్ది రోజులే ఉంటుంది. అవి సెలవులు, బడి మూసి ఉంటుంది, పిల్లలు అప్పటికే పనిలో చేరి ఉంటారు. ఒకమ్మాయి దొరికింది. అబ్బాయి ఫోన్ ఎత్తలేదు. రాత్రి పదింటికి వాళ్ల అమ్మ చెప్పిన ఫంక్షన్ హాలు వెతుక్కుంటూ వెళితే వెనకవైపు గిన్నెలు కడిగే చోట ఉన్నాడు. చేతులు తుడుచుకుని వచ్చి, గడువు ఇంకా మూడు రోజులుందని విని, ఫీజు ఎంతని అడిగాడు.